మతం అడగలేదు, టైమ్ అడిగాం: రంజాన్, శ్రమకాలం, ఉగాది కలిసొచ్చినప్పుడు ఒక యూనివర్సిటీ హాస్టళ్లలో ఏం జరిగింది

2025 మార్చి క్యాలెండర్ చూసిన ఏ హాస్టల్ వార్డెన్‌కైనా కాస్త టెన్షన్ తప్పదు. మార్చి 2న రంజాన్ ఉపవాసాలు మొదలు. 5న భస్మ బుధవారం, ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసాలుండే శ్రమకాలం మొదలు. 14న హోలీ, అదీ శుక్రవారం, రంజాన్‌లో రెండో జుమ్మా. 30వ తేదీ ఆదివారం విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఆ సాయంత్రం నెలవంక కనిపిస్తే 31న ఈద్, లేకపోతే ఏప్రిల్ 1న. ఏప్రిల్ 6న శ్రీరామనవమి, 13న మట్టల ఆదివారం, మర్నాడే అంబేడ్కర్ జయంతి, 18న గుడ్ ఫ్రైడే, 20న ఈస్టర్. వీటి మధ్యలోనే మిడ్ పరీక్షలు, ప్రాక్టికల్స్, రాయలసీమ ఎండలు.

నేను రాయలసీమలో ఒక రాష్ట్ర యూనివర్సిటీలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతాను. హాస్టళ్లు, విద్యార్థి సంక్షేమం అదనపు బాధ్యతగా చూస్తున్నాను. ఆ రెండు నెలల్లో, ఆ తర్వాతి చలికాలంలో మా హాస్టళ్లలో ఏం చేశామో, ఏది నిలబడిందో, ఏది ఇంకా తేలలేదో రాస్తున్నాను. ఇలాంటి బాధ్యతల్లో ఉన్న లెక్చరర్లకు, వార్డెన్లకు, మెస్ కమిటీల్లో తిరిగే పిల్లలకు పనికొస్తుందని నా ఆశ. యూనివర్సిటీ పేరు, పిల్లల పేర్లు రాయడం లేదు.

వేదిక మీది సామరస్యం

సర్వమత కార్యక్రమాలు మాకు కొత్త కాదు. జనవరి 30న గాంధీ వర్ధంతికి సర్వధర్మ ప్రార్థన, నవంబర్ 19 నుంచి 25 వరకు ఖౌమీ ఏక్తా వారోత్సవం ఉంటాయి. ఫిబ్రవరి మొదటి వారాన్ని మతసామరస్య వారంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2010లో తీర్మానించింది కాబట్టి కొన్నేళ్లు అదీ చేశాం. ఒక పంతులు గారు, ఒక మౌల్వీ సాబ్, ఒక పాస్టర్ గారు వచ్చి మాట్లాడతారు. ముగ్గురూ మంచి మాటలే చెబుతారు. వాళ్లను గౌరవంగా పిలిచాం, ఇకమీదా పిలుస్తాం.

కానీ ఆ మాటలకూ, ఆ రాత్రే మెస్‌లో ప్లేట్ల దగ్గర వచ్చే గొడవకూ సంబంధం ఉండేది కాదు. వేదిక మీద పెద్దవాళ్లు, దాదాపు అందరూ మగవాళ్లు. కింద ఎన్‌ఎస్‌ఎస్ హాజరు కోసం వచ్చిన పిల్లలు. సహనం, సామరస్యం పెంచడానికి మీ సంస్థ ఏం చేసిందో చెప్పమని కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ అడుగుతుంది కనుక ఫొటోలు తీసి రిపోర్టు రాస్తాం. రిపోర్టు రాయడంలో తప్పులేదు. రిపోర్టుతోనే పని అయిపోయిందని అనుకోవడమే ప్రమాదం.

అందుకే మొదట మార్చింది హాజరు పద్ధతిని. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వ గుర్తింపుతోనో సాయంతోనో నడిచే సంస్థలో, సమ్మతి లేకుండా ఎవరినీ ప్రార్థనలో కూర్చోబెట్టకూడదనీ అదే అధికరణం అంటుంది. ప్రార్థన ఉన్న ఏ కార్యక్రమానికీ ఇక హాజరు మార్కులు ఉండవని నోటీసు పెట్టాం. జనం తగ్గారు. నాకు అది నష్టంగా అనిపించలేదు. వచ్చినవాళ్లు ఇష్టంతో వచ్చారు, చివరిదాకా కూర్చున్నారు.

లిస్టు ఎందుకు తయారు చేయలేదు

రంజాన్‌కు ముందు ఆఫీసు నుంచి వచ్చిన మొదటి సలహా, మతాలవారీగా విద్యార్థుల లిస్టు తీయమని. ఏర్పాట్లకు సులువని వాళ్ల ఉద్దేశం. నేను గట్టిగా వద్దన్నాను. కారణాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ అనుభవంలో మిగతావన్నీ దీన్ని పట్టుకునే నడిచాయి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన దళితులకు మన రాష్ట్రంలో దక్కేది ఎస్సీ హోదా కాదు, వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీ. మా హాస్టళ్లలో ఆదివారం చర్చికి వెళ్లే పిల్లల్లో చాలామంది సర్టిఫికెట్‌లో హిందువులు. ఇంట్లో అమ్మ ప్రార్థన కూటాలకు వెళ్తుంది, నాన్న ఊరి జాతరలో డప్పు కొడతాడు, పిల్ల బైబిల్ దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ఆ అమ్మాయిని ఒక కాగితం మీద మతం రాయమంటే ఆమె స్కాలర్‌షిప్‌ను, సీటును, రేపటి ఉద్యోగాన్ని పణంగా పెట్టమన్నట్టే. ఆమె హిందూ అని రాసి, ఏ ఏర్పాటూ అడగకుండా ఊరుకుంటుంది. క్రైస్తవులు తక్కువే ఉన్నారని మన లిస్టు మనకు చెబుతుంది.

ఇంకా ఉన్నారు. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి చేసుకునే సుగాలి పిల్లలు, ఏ గడిలోనూ తమను తాము చూసుకోలేనివాళ్లు. దేవుణ్ణి నమ్మని పిల్లలు. విజయవాడలో గోరా నాస్తిక కేంద్రం నడిచిన నేల మనది, హేతువాదులకు ఇక్కడ పాత చరిత్రే ఉంది. వాళ్లను మూడు మతాల వేదిక ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

అందుకని ఒక చిన్న ఫారం వేశాం. అందులో మతం గడి లేదు. మీకు భోజనం ఏ టైమ్‌కి కావాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం తినరు, ఏ రోజు ఏ గంటలో క్లాసు గానీ పరీక్ష గానీ ఉంటే ఇబ్బంది. అంతే. కారణం రాయాలనుకుంటే రాయొచ్చు, రాయకపోయినా ఫర్వాలేదు.

తిరిగొచ్చిన ఫారాలు చూస్తే మెస్ కమిటీ పిల్లలే ఆశ్చర్యపోయారు. సహరి, అంటే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే భోజనం, అడిగిన ముస్లిం పిల్లలు ఎక్కువమంది ఉంటారని అందరికీ తెలిసిందే. శ్రమకాలంలో పగలంతా తినకుండా సాయంత్రం మాత్రమే తినే క్రైస్తవ పిల్లలున్నారని మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్లు అప్పటిదాకా మధ్యాహ్నం మెస్ డబ్బు కట్టి, రాత్రి చల్లారిన అన్నం తిన్నవాళ్లు. శనివారం పరీక్ష ఉంటే ఎలా అని కుమిలిపోతున్న సెవెంత్ డే చర్చి అబ్బాయి ఒకడు బయటపడ్డాడు. మందుల వల్ల టైమ్ తప్పకుండా తినాల్సిన పిల్లలూ అదే ఫారం నింపారు. వాళ్ల అవసరానికీ మతానికీ సంబంధం లేదు, కానీ వంటగదికి ఆ తేడాతో పనేముంది?

మెస్ లెక్క

మా మెస్‌లు డివైడింగ్ సిస్టమ్‌లో నడుస్తాయి. నెల ఖర్చును తిన్నవాళ్లందరికీ పంచుతారు. అందువల్ల తెల్లవారుజామున సహరి వండాలనగానే, వాళ్ల ఉపవాసాలకు మేమెందుకు డబ్బు కట్టాలనే మాట లేచింది. ఆ మాట అన్న పిల్లలను మతద్వేషులని ముద్ర వేయడం సులువు. వాళ్లలో చాలామంది ఇళ్ల నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకోలేనివాళ్లు. బిల్లు పెరుగుతుందేమోనన్నది నిజమైన భయం. దానికి జవాబు ఉపన్యాసం కాదు, లెక్క.

లెక్క ఇలా వేశాం. ఉపవాసం ఉండేవాళ్లు పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం తినరు. ఆ రెండు పూటల సరుకు సహరికి, ఇఫ్తార్‌కు వెళ్తుంది. మధ్యాహ్నం వంట తగ్గుతుంది కాబట్టి ఇద్దరు వంటవాళ్లను తెల్లవారుజాము షిఫ్టుకు మార్చాలి. వాళ్లను అడగకుండా మార్చకూడదు. మేం అడిగాం. వారం వారం మనుషులు మారేలా, ఆ షిఫ్టు చేసినవాళ్లు మధ్యాహ్నమే ఇంటికి వెళ్లేలా వాళ్లే ఏర్పాటు చేసుకున్నారు. సామరస్యం గురించి మాట్లాడేటప్పుడు మూడింటికి లేచి పొయ్యి వెలిగించే మనిషిని మరచిపోకూడదు. ఆ మనిషికి ఏ మతమైనా, నిద్ర నిద్రే.

ఈ లెక్క మొత్తాన్ని మెస్ గోడకు అంటించాం. బియ్యం, పప్పు, నూనె, గ్యాస్, ఎవరి వాటా ఎంత అన్నీ. నెల చివర బిల్లు వచ్చాక ఆ వాదన మళ్లీ వినపడలేదు.

చికెన్ గురించి ఒక్క మాట. హలాల్ అవునా కాదా అన్న అనుమానంతో కొందరు పిల్లలు నెలల తరబడి చికెన్ రోజు పప్పుతో సరిపెట్టుకున్నారు. మెస్ మేనేజర్‌ను అడిగితే కోడి తెచ్చేది ముస్లింల షాపు నుంచే. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఎక్కడి నుంచి తెస్తున్నామో బోర్డు మీద రాయించాం. అందరికీ సరిపోయింది.

హోలీ నాటి శుక్రవారం

మార్చి 14కు వారం ముందు నుంచే ఫోన్లలో వీడియోలు తిరగడం మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో హోలీ రంగులు పడకుండా మసీదులకు టార్పాలిన్లు కప్పుతున్న దృశ్యాలు చూసి మా బాయ్స్ హాస్టల్‌లో రెండు వైపులా మాటలు పెరిగాయి. మా ఊళ్లో ఏ గొడవా లేదు. వేరే రాష్ట్రం గొడవ మా వరండాలోకి వచ్చి కూర్చుంది.

ఫ్లోర్ ప్రతినిధులను, హోలీ ఆడే పీహెచ్‌డీ స్కాలర్లను, జుమ్మాకు వెళ్లే పిల్లలను కలిపి ఒక గదిలో కూర్చోబెట్టాను. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఉత్తరప్రదేశ్ మాట ఎత్తకూడదు, మన గ్రౌండు, మన నీళ్ల ట్యాంకు, మన గేటు గురించే మాట్లాడాలి. అలా అనుకున్నాక ఎక్కువసేపు పట్టలేదు. రంగులు గ్రౌండులోనే, పన్నెండు గంటల వరకే. జుమ్మాకు వెళ్లేవాళ్లు గేటు వైపు దారిలో నడుస్తారు, ఆ దారిలో రంగు ఉండదు. అడగకుండా ఎవరి మీదా రంగు చల్లకూడదు.

ఆఖరి నియమం జుమ్మా కోసం పెట్టుకున్నది. దానివల్ల ఎక్కువ ఊరట పొందింది అమ్మాయిలు. పండుగ పేరుతో ఇష్టం లేకున్నా రంగు పూయడం మీద వాళ్ల ఫిర్యాదులు ఏళ్లుగా ఉన్నాయి. ఒక నమ్మకాన్ని కాపాడదామని పెట్టిన నియమం అందరికీ పనికొచ్చిన సందర్భం ఇది. అందుకే నియమాలను మతం పేరుతో కాకుండా పని పేరుతో రాయాలని నా పట్టు.

ఉగాది సాయంత్రం

ఉగాదికి మా దగ్గర అలవాటు ప్రకారం పొద్దున పదింటికి పంచాంగ శ్రవణం, పచ్చడి పంపకం. ఈసారి ఆ టైమ్‌కి రెండు రకాలవాళ్లకు కుదరదు. ఆదివారం కనుక చర్చికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాకా ఉండరు. ఉపవాసంలో ఉన్నవాళ్లు పచ్చడి నాలుక మీద పెట్టుకోలేరు. పంచాంగ శ్రవణం ఇష్టమున్నవాళ్లకు పొద్దునే ఉంచి, పచ్చడిని సూర్యాస్తమయానికి మార్చాలని పిల్లలే ప్రతిపాదించారు.

నిజం చెప్పాలంటే జనం తక్కువ. ఉగాది, ఈద్ వరసగా రావడంతో బస్సు చార్జీలు పెట్టుకోగలిగినవాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది దూరపు జిల్లాలవాళ్లు, పరిశోధక విద్యార్థులు, ఇంటికి వెళ్లే స్తోమత లేనివాళ్లు. పండుగ పూట హాస్టల్‌లో మిగిలిపోయే పిల్లల గురించి ఏ సర్వమత కార్యక్రమమూ ఆలోచించదు. నిజానికి పండుగ ఎక్కువ అవసరమైంది వాళ్లకే.

వంటలో ఒక చిక్కు వచ్చింది. దేవుడికి నైవేద్యం పెట్టిన పచ్చడి ముస్లిం పిల్లలు తినరు, క్రైస్తవ పిల్లల్లోనూ కొందరు తినరు. ప్రసాదం వద్దన్నారంటే మా దేవుణ్ణి వద్దన్నట్టేనని ఇంకొందరు బాధపడతారు. మా వంట మాస్టర్ రెండు గిన్నెల్లో కలిపాడు. ఒకటి పూజ దగ్గరికి వెళ్లింది, ఒకటి నేరుగా వడ్డనకు. అదే వేపపువ్వు, అదే కొత్త బెల్లం, అదే మామిడికాయ. ఏ గిన్నె ఏదో ముందే చెప్పాం. చెప్పకుండా అందరికీ ఒకటే పెట్టేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదని ఒక సహోద్యోగి అన్నారు. నేను ఒప్పుకోను. తెలియకుండా తినిపించడం కలుపుగోలుతనం కాదు.

ఆరున్నర కావస్తుండగా మసీదు నుంచి అజాన్ వినపడింది. మొదట ఖర్జూరం, నీళ్లు, ఆ తర్వాత పచ్చడి. మాంసం వేయని గంజి, ఓళిగలు, పుచ్చకాయ ముక్కలు. అందరూ ఒకే బంతిలో కూర్చోవాలని మాంసం పెట్టలేదు. నమాజు చేసుకునేవాళ్లు వరండా చివరకు వెళ్లి వచ్చారు, మిగతావాళ్లు తింటూనే ఉన్నారు. ఉపన్యాసాలు లేవు.

మాటల్లో కడప జిల్లా అమ్మాయి ఒకరు దేవుని కడప గుడి సంగతి ఎత్తింది. అక్కడ ఉగాది రోజున ముస్లిం కుటుంబాలు వచ్చి వెంకటేశ్వరస్వామికి పూజ చేయించుకుంటాయి. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచనీ, స్వామి తమ అల్లుడనీ వాళ్ల నమ్మకం. అనంతపురం అబ్బాయి గూగూడు కుళ్లాయస్వామి పీర్ల పండుగ గురించి, నెల్లూరు అమ్మాయి బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ గురించి చెప్పారు. అప్పుడు ఒక ముస్లిం విద్యార్థి, తన ఇంట్లో ఇవేవీ ఒప్పుకోరనీ, తనకూ సమ్మతం కాదనీ మర్యాదగానే అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను కల్పించుకోలేదు. దేవుని కడప అమ్మాయే, సరే మీ ఇంట్లో ఉగాది రోజు ఏం వండుతారని అడిగింది. మాట సాగింది.

ఈ ఘట్టాన్ని ముఖ్యమైనదిగా చూస్తాను. మన ప్రాంతపు కలగలుపు సంప్రదాయాలంటే నాకు ప్రాణం. కానీ వాటిని చూపించి, అందరూ ఇలాగే ఉండాలని పిల్లల మీద రుద్దకూడదు. ఒకే మతంలో ఉన్నవాళ్ల మధ్య తేడాలు, మతాల మధ్య తేడాలంత పెద్దవి. పక్కన కూర్చుని తింటూనే నాకు సమ్మతం కాదని చెప్పగలగడం కూడా ఆ బంతిలో భాగమే.

ఆ రాత్రి నెలవంక కనిపించింది. ఒక సైన్స్ విద్యార్థిని చక్కగా వివరించింది: ఉగాదిని తెచ్చిన అమావాస్యే ఈద్‌నూ తెచ్చింది. రెండు క్యాలెండర్లూ చంద్రుణ్ణే లెక్కపెడతాయి. మనం మూడేళ్లకోసారి దాదాపుగా అధికమాసం కలిపి రుతువుల దగ్గరే ఆగుతాం, హిజ్రీ కలపదు కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది.

లేడీస్ హాస్టల్ గేటు

నెలవంక కనపడగానే ఈద్‌కు ఇంటికి వెళ్లాలని అమ్మాయిలు పరుగెత్తుకొచ్చారు. అప్పటికే గేటు మూసే టైమ్ దాటింది. చంద్రుణ్ణి బట్టి నిర్ణయమయ్యే పండుగకు ముందురోజు సంతకం పెట్టిన అవుట్‌పాస్ ఎలా వస్తుంది? ఇది ఊహించి, నెలవంక కనిపిస్తే చెల్లుతుందని రాసిన అవుట్‌పాస్‌లు ముందే సంతకం చేయించి ఉంచాం. తల్లిదండ్రులకు ఫోన్ చేసి, దగ్గరి ఊళ్లవాళ్లను పంపాం.

కానీ గేటు సమస్య అంతకంటే పెద్దది. అబ్బాయిలు రాత్రి తరావీహ్ నమాజుకు, శివరాత్రి జాగరణకు, శనివారం సాయంత్రం చర్చి పాటల ప్రాక్టీసుకు వెళ్లొస్తారు. అమ్మాయిలకు ఇవేవీ లేవు. ఏ మతం అమ్మాయి అయినా ఆ గేటు లోపలే.

వంటగది దగ్గర ఇంకో విషయం. నెలసరి రోజుల్లో ముస్లిం అమ్మాయిలు ఉపవాసం ఉండరు. సహరి లిస్టులో పేరుండి మధ్యాహ్నం మెస్‌కు వస్తే, ఏమ్మా ఈరోజు లేవా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి బిస్కెట్లతో గడిపిన అమ్మాయిలున్నారు. సహరికి, లంచ్‌కు విడిగా టోకెన్లు పెట్టాం. ముందురోజు రాత్రి ఏది కావాలంటే ఆ టోకెన్ డబ్బాలో వేయాలి, పేరు లేదు, ప్రశ్న లేదు. మొత్తం అనుభవంలో నాకు బాగా తృప్తినిచ్చిన ఏర్పాటు ఇదే.

చలికాలం: మాల వేసుకున్న స్వాములు

నవంబర్‌లో అయ్యప్ప దీక్షలు మొదలైనప్పుడు అదే ఫారం పనికొచ్చింది. తెల్లవారుజామున స్నానానికి నీళ్లు, ఉల్లి వెల్లుల్లి లేని వంట, రాత్రి అల్పాహారం. సహరికి షిఫ్టు మార్చుకున్న వంటవాళ్లు దీనికీ మార్చుకున్నారు. వాళ్లకొక న్యాయం మాకొకటా అన్న మాట ఎటువైపు నుంచీ రాలేదు. నియమం ఒకటేనని అందరూ మార్చిలోనే చూశారు.

తెల్లవారుజామున భజన పాటల సౌండు మీద మాత్రం పేచీ వచ్చింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వద్దని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. వినాయక చవితి డీజేకూ, క్రిస్మస్ కేరల్స్‌కూ అదే వర్తింపజేశాం. ఇందులో బేరం లేదు.

తేలనిది కెమిస్ట్రీ ల్యాబ్. దీక్షలో చెప్పులు వేసుకోరు, ల్యాబ్‌లో బూట్లు లేకుండా యాసిడ్ దగ్గర నిలబెట్టలేం. ల్యాబ్ ఇన్‌చార్జి మాటే సరైనదని నా అభిప్రాయం. కాలు కాలితే ఏ దీక్షా ఆ పిల్లాడికి కాలు తిరిగివ్వదు. దీక్ష ముగిశాక ప్రాక్టికల్స్ చేసే వీలు కొన్ని డిపార్ట్‌మెంట్లు ఇచ్చాయి, కొన్ని ఇవ్వలేదు. యూనివర్సిటీ మొత్తానికి ఒకే ఉత్తర్వు ఇంకా రాలేదు.

ప్రార్థన గది విషయమూ అక్కడే ఆగింది. నమాజుకు ఒక గది అడిగితే గుడి అడుగుతారు, చర్చి అడుగుతారు, అందుకే ఎవరికీ వద్దన్నది పైవాళ్ల మాట. నా ప్రతిపాదన వేరు. పటాలు, గుర్తులు ఏవీ లేని ఒక నిశ్శబ్ద గది, అరగంట చొప్పున ఎవరైనా బుక్ చేసుకునేది, ఊరికే కూర్చోవాలన్నా సరే. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, విద్యాసంస్థల్లో పని కొన్ని నిమిషాల మౌనధ్యానంతో మొదలుపెట్టాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసును జతచేసి ఫైలు పంపాను. ఇప్పటికీ పిల్లలు మెట్ల కింద, టెర్రస్ మీద, మంచాల మధ్య ప్రార్థన చేసుకుంటున్నారు.

తేదీల సంగతి చెప్పి ముగిస్తాను. 2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18, ఉగాది మార్చి 19. అప్పటికి రంజాన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ ఏడాది అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో ఉగాది ఏప్రిల్ 7కు వెళ్తుంది, ఈద్ దానికి దాదాపు నెల ముందే అయిపోతుంది. ఒకే సాయంత్రం ఒకే బంతి అన్న వీలు అప్పుడుండదు, సహరి షిఫ్టు, శ్రమకాలపు భోజనం, శనివారం పరీక్షల సమస్య మాత్రం ఉంటాయి. అందుకే పరీక్షల విభాగానికి వెళ్లే అకడమిక్ క్యాలెండర్ డ్రాఫ్ట్‌లో ఈ తేదీలు ముందే రాసి పంపాలని మెస్ కమిటీ, వార్డెన్లు కలిసి తీర్మానించాం. 2027 డ్రాఫ్ట్ జూన్‌లో మొదలవుతుంది.